పడవ ఒడ్డుకు చేరేదాకా: రోయింగ్ క్లబ్బు కార్యదర్శిగా నా అనుభవం

మా రోయింగ్ క్లబ్బు కార్యదర్శిగా నా పేరు రాసుకున్న రోజుకు నేను ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. మాది హనుమకొండకు దగ్గర్లోని ఊరు. హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా అమ్మాయి ఇంటర్‌లో చేరిన ఏడాది చెరువులో పడవ నేర్చుకుంటానంటే సరేనన్నాను, అంతే. అక్కడి నుంచి సొసైటీ రిజిస్ట్రేషన్ దాకా, ఆ తర్వాత మొదటి సర్వసభ్య సమావేశం దాకా పద్నాలుగు నెలలు పట్టింది. వేరే ఊళ్ళో ఎవరైనా తమ చెరువు మీద ఇలాంటి ప్రయత్నం చేస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

పిల్లలకు నేర్పేది మా ఊరి తమ్ముడే. ఆర్మీలో చేసి రిటైరై వచ్చాడు, రోయింగ్ అక్కడే పట్టుబడింది. మన దేశంలో ఈ ఆటకు పెద్ద దిక్కు ఆర్మీయే. పుణెలో వాళ్ళకు ప్రత్యేకంగా శిక్షణ కేంద్రం ఉంది. తమ్ముడు పిల్లలకు ఎప్పుడూ దత్తు భోకనాళ్ సంగతి చెబుతుంటాడు. నాసిక్ జిల్లాలో నీళ్ళకు కటకటలాడే ఊరు అతనిది. తండ్రితో కలిసి బావులు తవ్విన మనిషి. 2012లో ఆర్మీలో చేరాకే తెడ్డు పట్టాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి రియో ఒలింపిక్స్‌లో పోటీపడి 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో బంగారు పతకం తెచ్చాడు. "నీళ్ళు లేని ఊరోడే అంత జేసిండు, మనకు ఇంత చెరువుంది" అంటాడు తమ్ముడు. ఆ మాటతోనే ఊళ్ళో పదిహేను మంది పిల్లలు పోగయ్యారు. తెలిసినవాళ్ళ ద్వారా హైదరాబాద్ నుంచి రెండు పాత పడవలు డీసీఎంలో వచ్చాయి. రెండూ డబుల్ స్కల్ పడవలే. అంటే ఇద్దరు కూర్చుంటారు, ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు. కూర్చునేది పడవ వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి. ముందేముందో వాళ్ళకు కనిపించదు, మెడ తిప్పి చూసుకుంటూ పోవాలి. ఈ ఒక్క సంగతి మొదట్లోనే బుర్రకెక్కి ఉంటే మేం చాలా జాగ్రత్తగా ఉండేవాళ్ళం.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున కట్ట మీద పెద్దవాళ్ళం ఏడుగురం ఉన్నాం. ఫ్లాస్కులో టీ తెచ్చుకున్నాం. తమ్ముడు చిన్నపిల్లలకు ఒడ్డున తెడ్డు తిప్పడం చూపిస్తున్నాడు. మా అమ్మాయి, ఇంకో అమ్మాయి కలిసి పడవ తీసుకుని తామరలు దాటి అవతలికి పోయారు. గాలి లేచింది. మేం మాటల్లో ఉన్నాం. చెరువు మీద వలలు వేసే కాక తన థర్మోకోల్ తెప్ప మీద వలలెత్తడానికి అటు పోయి, బోర్లాపడిన పడవను, దాన్ని పట్టుకుని వేలాడుతున్న ఇద్దరినీ చూశాడు. తెప్పకు తాడు కట్టి మెల్లగా లాక్కొచ్చాడు. పడవ బోల్తాపడితే దాన్ని వదలొద్దు, ఎంత ఈత వచ్చినా ఒడ్డుకు ఈదొద్దు అని తమ్ముడు మొదటి రోజే చెప్పాడు. పిల్లలు ఆ మాట విన్నారు కాబట్టి మాకు దక్కారు. వణుకుతున్న బిడ్డకు నా చీర కొంగే చుట్టి, ఎంతసేపైందే అని అడిగాను. "ముప్పావు గంట అయ్యుంటదమ్మా. మీరు చూస్తున్నరనుకున్నం" అంది.

ఎవరిని తిట్టాలో తెలియలేదు. తమ్ముడేమో అక్కలు, అన్నలు కట్ట మీదున్నారు కదా అనుకున్నాడు. మేమేమో తమ్ముడున్నాడు కదా అనుకున్నాం. ఆ సాయంత్రమే కట్ట మైసమ్మ గుడి అరుగు మీద అందరం కూర్చున్నాం. పిల్లలను ఇక పంపం అని సగం మంది తల్లులు. నేనూ అదే అనాలని పోయాను. కానీ అక్కడ కాక ఒక మాట అడిగాడు: "టీచరమ్మా, ఇయ్యాల ఎన్ని పడవలు పోయినయ్, ఎన్ని తిరిగొచ్చినయ్? రాసిండ్రా ఎవలన్న?" ఎవరూ రాయలేదు. రేపటి నుంచి నేను రాస్తానని నా నోటి వెంట వచ్చింది. కార్యదర్శి పదవి నాకు అలా వచ్చింది. తర్వాత కాగితాల మీద ఎక్కింది గానీ అసలు నియామకం ఆ అరుగు మీదే.

మనుషులను కుదుర్చుకోవడానికే రెండు నెలలు పట్టింది, కాగితాల పని దానికంటే నయం. పడవలకు పెద్ద మొత్తం ఇచ్చిన కాంట్రాక్టర్ గారినే అధ్యక్షుడిగా పెడదామని చాలామంది అన్నారు. మన ఊళ్ళలో ఏ సంఘానికైనా జరిగేది అదే కదా. ఆయన మంచి మనిషే, పిల్లలంటే ప్రేమ ఉన్నవాడే. అయినా నేను ఒప్పుకోలేదు. ఆయనకు చెరువు తెలియదు. తూము దగ్గర నీళ్ళు ఎలా గుంజుతాయో, మునిగిన తుమ్మ మొద్దులు ఎక్కడున్నాయో, చెరువు నిండి మత్తడి పడేటప్పుడు ఎంత దూరం నుంచి జాగ్రత్త పడాలో తెలిసింది కాకకు. పైగా నీళ్ళ మీద మొదటి హక్కు మత్స్యకార్మికుల సంఘానిది. వెనక్కి తిరిగి కూర్చుని పోయే పడవ వాళ్ళ వల మీదికి పోతే వల చినుగుతుంది, తెడ్డు చిక్కుకుంటుంది, పడవ బోల్తాపడుతుంది. కాబట్టి కాకే అధ్యక్షుడు కావాలన్నాను. నాకు సదువు రాదు బిడ్డా అని ఆయన వెనకాడాడు. చదవడం, రాయడం నా పని అని చెప్పాను. కాంట్రాక్టర్ గారు నొచ్చుకుని రెండు నెలలు కట్ట ఎక్కలేదు. తర్వాత ఆయనే వచ్చి పడవలు పెట్టుకోవడానికి తన షెడ్డు ఇచ్చారు. అందుకు ఆయనంటే నాకు చాలా గౌరవం.

కోశాధికారికి వెతకాల్సిన పని లేకపోయింది. మా వాడకట్టులో మహిళా సంఘం పుస్తకాలు పదేళ్ళుగా రాస్తున్న అక్క ఉంది. ఆమె పెట్టిన షరతులు రెండే. రసీదు లేకుండా పది రూపాయలు కూడా తీసుకోను, చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి అంది. ప్రతి నెలా మొదటి ఆదివారం జమాఖర్చు కట్ట మీద పైకి చదువుతుంది. చందా అడిగితే మా దగ్గర ఎవరూ ముఖం చాటేయకపోవడానికి ఆ చదవడమే కారణమని నా నమ్మకం.

అన్నిటికంటే ఆలోచించింది రక్షణ బాధ్యత ఎవరికివ్వాలన్న దాని గురించి. తమ్ముడికే ఇద్దామన్నారు. నేర్పేవాడి కళ్ళు తెడ్డు మీద, పిల్లల నడుం మీద ఉంటాయి. చెరువంతా చూడటం ఇంకొకరి పని కావాలి. చివరికి ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసే అన్న ఒప్పుకున్నాడు. బస్సు డిపో దాటే ముందు టైర్లు, బ్రేకులు చూసుకునే అలవాటు ఆయనది. డ్యూటీ లేని రోజున వచ్చి రెండు పడవలనూ షెడ్డు ముందు బోర్లించి వేలితో తడుముతూ చూశాడు. ముక్కు కొసన ఉండే తెల్ల రబ్బరు బంతి ఒక పడవకు లేదు. ఎవరినైనా గుద్దితే పొడుచుకోకుండా కాపాడేది అదే. తర్వాత బూట్లు చూశాడు. ఈ పడవల్లో బూట్లు పడవకే బిగించి ఉంటాయి, పాదాలు వాటిలో పెట్టి కాళ్ళతో తన్నుతూ లాగాలి. బూటు మడమకు చిన్న దారం కట్టి ఉంటుంది. దానివల్ల బూటు మడమ కొంచెమే లేచి ఆగిపోతుంది, లాగగానే కాలు బయటికి వచ్చేస్తుంది. బోల్తాపడ్డ పడవలో ఎడమ బూటు దారం తెగిపోతే ఎవరో పొడుగాటి నైలాన్ తాడు కట్టారు. అన్న ఆ తాడు వేలికి చుట్టుకుని, బూటు మడమ ఎంత పైకి లేస్తుందో మాకు చూపించాడు. పక్కనే నిలబడ్డ మా అమ్మాయి అప్పుడు చెప్పింది, ఆ రోజు నీళ్ళలో తన ఎడమ కాలు కాసేపు రాలేదని. అంతవరకూ ఆ మాట నాకు చెప్పలేదు, పంపనేమోనని. నేను షెడ్డు వెనక్కి పోయి కాసేపు కూర్చున్నాను. తిరిగొచ్చాక ఆ రోజే రెండు పడవల్లోని నాలుగు జతలకూ కొత్త దారాలు కట్టించాం. ఇప్పుడు పడవ దించే ముందు ఎనిమిది దారాలూ లాగి చూడాలి, చూసినట్టు పుస్తకంలో టిక్కు పెట్టాలి.

ఇక రిజిస్ట్రేషన్. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఆదివారం కట్ట మీద ఉన్న ఏడుగురిలో అయిదుగురం, కాక, ఆర్టీసీ అన్న కలిసి సంతకాలు పెట్టాం. సంఘం ఉద్దేశాలు రాసిన పత్రం, నియమాలు రాసిన బైలాస్, కార్యవర్గం జాబితా, అందరి ఆధార్, ఆఫీసు చిరునామాకు రుజువు. చిరునామా మా ఇల్లే. ఇంటి పన్ను రసీదు అత్తమ్మ పేరున ఉంది, ఆమె సమ్మతి పత్రం కావాలి. అత్తమ్మ కాగితం అంతా నాతో చదివించుకుని, "పిల్లల పానాలకు సంబంధించిందైతే పెడత" అని సంతకం చేసింది.

బైలాస్ ఒక వాకర్స్ సంఘం దగ్గర తెచ్చిన నమూనా చూసి రాయబోయాను. అధ్యక్షుడి అధికారాలు రెండు పేజీలున్నాయి. మాకు కావలసింది అందులో ఎక్కడా లేదు. కాబట్టి మళ్ళీ మొదటి నుంచి రాశాను. పడవ నీళ్ళలో ఉన్నంతసేపు ఒడ్డున బాధ్యుడు ఒకరు, పేరు రాసి, సంతకం పెట్టి ఉండాలి. ఆ బాధ్యుడికి ఫోన్ చూసే వీలు లేదు. యాభై మీటర్లు ఈదలేనివాళ్ళు పడవ ఎక్కకూడదు. చిన్నపిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఉరుము వినిపిస్తే పడవలన్నీ ఒడ్డుకు రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పడవలను ఆపే అధికారం బాధ్యుడికీ, పడవ నడిపేవాళ్ళ కెప్టెన్‌కూ ఉంటుంది, వాళ్ళ మాటను అధ్యక్షుడు కూడా కాదనకూడదు. ఈ చివరి వాక్యం కాకకు చదివి వినిపించి, ఉంచమంటారా అని అడిగాను. "అదే ముందుగాల రాయి" అన్నాడు.

మొదటిసారి దరఖాస్తు వెనక్కి వచ్చింది. తప్పు మాదే. బైలాస్ ప్రతి పేజీ మీద సంతకాలు లేవు. ఇద్దరి ఆధార్‌లో పాత జిల్లా పేరే ఉంది. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది కదా, వాళ్ళు మార్పించుకోలేదు. అవన్నీ సరిచేయడానికి ఇంకో మూడు వారాలు, నావి రెండు సీఎల్‌లు పోయాయి. రెండోసారి పనైపోయింది. సర్టిఫికెట్ చేతికి వచ్చాక బ్యాంకు ఖాతా, పాన్ కార్డు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు పంపాలన్నది మాత్రం మరిచిపోకూడదు. చాలా సంఘాలు అక్కడే ఆగిపోతాయి.

మత్స్యకార్మికుల సంఘంతో విడిగా ఒప్పందం రాసుకున్నాం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా తామరలకు ఇటు వైపు వలలుండవు, ఆ తర్వాత పడవలుండవు. వానాకాలంలో చేపపిల్లలు వదిలినాక వాళ్ళు చెప్పినన్ని రోజులు పూర్తిగా బంద్. మత్తడి పడుతున్నన్ని రోజులు కూడా బంద్. బతుకమ్మ పండుగ రోజుల్లో క్లబ్బు వాళ్ళం జాకెట్లు, తాళ్ళతో మెట్ల దగ్గర ఉంటాం. అది వాళ్ళు అడగలేదు, మేమే రాశాం.

మొదటి సర్వసభ్య సమావేశం జనవరిలో. కార్యవర్గాన్ని పెద్దవాళ్ళం ఎన్నుకున్నాం, కెప్టెన్‌ను మాత్రం పడవ నడిపేవాళ్ళే ఎన్నుకోవాలన్నది మా నియమం. చీటీలు వేశారు. మా అమ్మాయి నిలబడింది, ఆ రోజు తనతో పాటు నీళ్ళలో పడ్డ అమ్మాయీ నిలబడింది. చీటీలు లెక్కపెట్టింది నేనే. మా అమ్మాయి రెండు ఓట్లతో ఓడిపోయింది. ఫలితం చదివేటప్పుడు నా గొంతు పట్టేసింది, చదివాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి అంది, "అది నాకంటే గట్టిగ అరుస్తదమ్మా, నీళ్ళ మీద వినిపించాలె గదా" అని. నిజమే, గాలికి ఎదురుగా అరిచినా ఆ అమ్మాయి గొంతు అవతలి గట్టుకు వినిపిస్తుంది.

జూన్‌లో ఒక ఆదివారం కాంట్రాక్టర్ గారు హైదరాబాద్ నుంచి వచ్చిన బంధువులను తీసుకుని కట్ట మీదికి వచ్చారు. పిల్లల రోయింగ్ చూపిస్తానని ఆశపెట్టి తెచ్చినట్టున్నారు. రెండు పడవలూ అప్పుడే నీళ్ళలోకి దిగాయి. ఎక్కడో ధర్మసాగర్ వైపు సన్నగా ఉరిమింది. నాకైతే సరిగా వినిపించలేదు. కెప్టెన్ అమ్మాయి లేచి రెండు చేతులూ నోటికి పెట్టుకుని కేకేసింది. పడవలు తిరిగాయి. "ఇంత దూరం వచ్చాం కదమ్మా, ఒక్క పది నిమిషాలు" అన్నారు కాంట్రాక్టర్ గారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది, నేను కాక వైపు చూశాను. కాక చుట్ట తీసి పక్కన పెట్టి, "బిడ్డ చెప్పిందైపాయె సారూ, షెడ్డుల కూసుందాం రండ్రి" అన్నాడు.

అందరం షెడ్డులో కూర్చున్నాం. ఆర్టీసీ అన్న పుస్తకం తెరిచి రాశాడు: పోయినవి 2, తిరిగొచ్చినవి 2, మనుషులు 4, సమయం 6.50. చివరి ఉరుము పడిన సమయం రాయడానికి కింద ఒక గీత ఖాళీగా ఉంచాడు. అది నిండడానికి ఎనిమిదిన్నర అయింది. అప్పటికి పడవల వేళ దాటింది కాబట్టి ఆ రోజు పడవలు మళ్ళీ దిగలేదు.