కుందేలు చెవులు

పదకొండున్నర దాటింది. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఈస్టర్ ఆరాధనకి బయల్దేరాలి, మూడున్నరకి అలారం పెట్టాను, అయినా నిద్ర రావట్లేదు. కారణం చెప్తే నవ్వుతారు. పేపర్ ప్లేటు కుందేలు.

గురువారం రాత్రి సండే స్కూల్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పిల్లలందరూ ఇంట్లో స్వయంగా చేసిన ఈస్టర్ క్రాఫ్ట్ ఒకటి తేవాలట. కింద నమూనాకి నాలుగు ఫొటోలు, నాలుగూ కుందేళ్ళే. శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం, ఇంటికొచ్చాక ఎవరికీ ఓపిక లేదు. ఇవాళ పొద్దున్న మద్దిలపాలెంలో మూడు షాపులు తిరిగి ప్లేట్లు, దూది, గులాబీ రంగు చార్టు తెచ్చాను. ఒక వారం ముందు చెప్తే వాళ్ళ సొమ్మేం పోయింది? "ఐదేళ్ళ పిల్లాడి స్వయంగా" అంటే తల్లి రాత్రి పదింటికి కత్తెర పట్టుకోవడం అని వాళ్ళకి తెలీదా?

పైగా కుందేలు. 1682లోనే జర్మనీలో ఒక డాక్టరు గుడ్లు తెచ్చే ఈస్టర్ కుందేలు గురించి రాశాడు, తర్వాత వలస వెళ్ళినవాళ్ళతో అది అమెరికా చేరింది, ఇప్పుడు మా మద్దిలపాలెం షాపులో గోడకి వేలాడుతోంది. గుడ్డు సంగతి వేరు, దానికో లెక్కుంది. పూర్వం యూరప్‌లో ఈస్టర్‌కి ముందు లెంట్, అంటే మన శ్రమదినాలు, నలభై రోజులూ గుడ్లు తినేవారు కాదు. కోళ్ళకి శ్రమదినాలేం తెలుస్తాయి, అవి పెడుతూనే ఉంటాయి కదా, పండగనాటికి గుడ్లు పోగుపడేవి. మరి కుందేలు ఏం పెట్టిందని?

సరే, గుడ్లు బాగా కుదిరాయి, అది కూడా రాయాలి. అత్తయ్యగారు వారం నుంచి దాచిన ఉల్లిపొట్టు అంతా అరగంట మరిగించి, వడకట్టి చల్లార్చి, ఒక చెంచా వెనిగర్ పోశాం. ఉడికించిన తెల్లగుడ్డు మీద కొత్తిమీరాకు తడిపి అంటించి, పాత పల్చటి గుడ్డముక్కతో బిగించి కట్టి అందులో వేశాం. గంట తర్వాత విప్పితే ఇటుకరంగు గుడ్డు మీద ఆకు ఆకారం తెల్లగా, దాని సన్నని కాడతో సహా. చిన్నది "ఆకు ఏదీ, ఆకు ఏదీ" అని గుడ్డంతా తిప్పి వెతికింది. ఇంకోదాని మీద బుడ్డోడు కొవ్వొత్తితో ఏదో గీకి పసుపు నీళ్ళలో వేశాడు, మైనం ఉన్నచోట రంగు పట్టలేదు. అది చేప అట. నాకు చెప్పులా కనిపించింది, అనలేదు.

అక్కడితో ఆపినా పోయేది.

మధ్యాహ్నం కుందేలు మొదలెట్టాం. ఏప్రిల్లో విశాఖలో జిగురు ఆరుతుందా చెప్పండి, డబ్బాలోంచి తీసిన అప్పడమే పది నిమిషాల్లో మెత్తబడే ఊరు. దూది ప్లేటుకి తప్ప అన్నిటికీ అంటుకుంది, చిన్నదాని కనుబొమ్మకి కూడా. బుడ్డోడు చెవులు రెండూ ఒకేవైపు అంటించాడు. నేను ఊడదీసి సరిగ్గా పెట్టాను. వాడు మళ్ళీ పీకి పక్కకి పెట్టాడు. "అలా కాదురా, ఇటివ్వు" అని కత్తెరా ప్లేటూ రెండూ లాక్కున్నాను. వాడు ఏడవలేదు. "అయితే నువ్వే చేసుకో అమ్మా" అని లేచి నానమ్మ గదిలోకి పోయాడు.

నేనే చేసుకున్నాను. చక్కగా వచ్చింది కూడా.

రాత్రి గిన్నెలు కడుగుతుంటే తాతయ్య గుర్తొచ్చాడు. వన్ టౌన్ ఇంటి అరుగు మీద, ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు సాయంత్రం, ఒళ్ళో కొబ్బరి మట్ట పెట్టుకుని కూర్చునేవాడు. గోటితో ఈనె చీల్చి పడేసి, ఆకుని నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, మధ్యలో ఒక మడత వెనక్కి దూర్చి లాగితే సిలువ. చేతులకి పచ్చివాసన. ఇరవై ముప్ఫై కట్టి వీధిలో పిల్లలందరికీ పంచేవాడు, మిగిలిన ఆకుతో బూరలు, వాచీలు. పొద్దున్న హోసన్నా అని అరుస్తూ వెళ్ళేటప్పుడు సగం మంది చేతికి ఆకు వాచీ ఉండేది. నా సిలువ ఏడాదంతా నాన్న బైబిల్లోనే ఉండి గోధుమరంగులోకి తిరిగేది. ఆ రోజుల్లో గ్రూపూ లేదు, ఫొటోలూ లేవు, పిల్లల చేతికి ఆకిచ్చి వదిలేసేవారు అని రాద్దామనే ఈ టపా మొదలుపెట్టాను.

బాల్కనీలో పోయిన ఆదివారం మట్టలు ఇంకా ఉన్నాయి, ఒకటి తెచ్చి ప్రయత్నించాను. ఎండిపోయి మడత దగ్గరే పుటుక్కున విరిగింది. అప్పుడు వినిపించింది తాతయ్య గొంతు. "తొందరేటే గుంటా, ఇలాగిచ్చీ." నేను కట్టింది విప్పేసి, చివరలు కత్తిరించి, తనే మళ్ళీ కట్టి ఇచ్చేవాడు. ప్రతిసారీ. నాకు ఒళ్ళు మండేది. ఒక ఏడాది నేను కట్టిన వంకర సిలువ లంగా ముడిలో దాచుకుని చర్చికి వెళ్ళాను, ఆయన ఇచ్చింది అరుగు మీదే వదిలేసి. బైబిల్లో ఉన్నదని గొప్పగా చెప్పుకుంటున్నానే, అది నేను కట్టింది కాదు. ఇన్నేళ్ళూ ఇది ఎలా మర్చిపోయానో.

కాబట్టి గ్రూపుని తిట్టింది కొంత వెనక్కి తీసుకుంటున్నా. గురువారం రాత్రి చెప్పినందుకు మాత్రం తిడుతూనే ఉంటాను.

పడుకోబోయే ముందు అత్తయ్యగారు తలుపు దగ్గరికొచ్చి, "ఇది వాడిది, పారెయ్యకు" అని ఒక ప్లేటు ఇచ్చారు. సాయంత్రం ఇద్దరూ కూర్చుని చేశారట. చెవులు రెండూ ఎడమవైపే. నోరు లేదు. గడ్డం కింద దూది ఎందుకని అడిగితే, "తాత కుందేలట" అన్నారు.

ఇప్పుడు టేబుల్ మీద రెండున్నాయి. రేపటి కవర్లో నాది ఎప్పుడో పెట్టేశాను. వాడిదానికి జిగురు ఇంకా తడిగానే ఉంది, ఫ్యాను కింద పెట్టి, ఎగిరిపోకుండా పైన పసుపు గుడ్డు బరువు పెట్టాను. ఇంకో నాలుగు గంటల్లో లేవాలి.