తల వంచిన రెండు సెకన్లు

పొద్దున బండి తీసే ముందు హ్యాండిల్ మీది హోల్డర్‌లోంచి ఫోను తీసి జేబులో పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం జరిగింది ఇంకా కళ్ల ముందే ఉంది.

ఫ్లైఓవర్ దగ్గరపడింది. పైకెక్కాలో, పక్కనున్న సర్వీసు రోడ్డులో పోవాలో తెర మీద తేలడం లేదు. రెండు దారులూ కొన్ని మీటర్ల తేడాతో ఆనుకుని ఉంటే మనం ఏ దారిలో ఉన్నామో జీపీఎస్ ఒక్కోసారి పోల్చుకోలేదు. తల వంచి చూశాను, అంతే. ఎత్తేసరికి ముందున్న కారు ఆగి ఉంది. బ్రేకు అందింది కానీ చేతుల వణుకు ఇల్లు చేరేదాకా తగ్గలేదు. రాత్రి లెక్క వేసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు. రెండు సెకన్లు తెర చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. కారులో చుట్టూ రేకైనా ఉంటుంది, బండి మీద అదీ లేదు.

అందుకే ఈ రోజు బయలుదేరే ముందే కూర్చుని మ్యాపులో ప్రతి మలుపునూ పెద్దది చేసి చూసుకున్నాను. దారిలో హెల్మెట్‌లోని చిన్న స్పీకరు చెప్పే మాటే ఆధారం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకోవడం నాకు సమ్మతం కాదు, వెనక వచ్చే బండి చప్పుడు వినపడి తీరాలి. ఫ్లైఓవర్ కింద ఆ గొంతు కాసేపు ఆగిపోయింది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే సంకేతాలకు కాంక్రీటు అడ్డుపడితే అంతే మరి, మన చోటు తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. ఒక మలుపు తప్పిపోయింది. మునుపైతే చటుక్కున బండి పక్కకు తిప్పేవాణ్ణి. ఈసారి తిన్నగా పోనిచ్చి, వీలైన చోట ఇండికేటర్ వేసి, రోడ్డు పక్కన ఇంజను ఆపాకే ఫోను తీశాను. నాలుగు నిమిషాలు ఆలస్యం.

హోల్డర్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్ద ఇంజన్ల అదురు ఫోను కెమెరాను పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థ 2021లోనే హెచ్చరించింది. ఇక వానలో తెర మీద పడే చుక్కను కూడా ఫోను వేలి తాకిడే అనుకుంటుంది.

రాత్రి ఖాళీ హోల్డర్ చూసి తమ్ముడు తన బండికి బిగించుకుంటానన్నాడు. ఇవ్వలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రేపు వెళ్లాల్సిన దారిని మ్యాపులో మలుపు మలుపునా చూపించాను. రెండోసారి వాడే చెప్పాడు, ఒక్కచోట తప్ప. అక్కడ మళ్లీ మొదటినుంచి చెప్పించాను.