మోకాలు నేల మీదున్నా బంతి డెడ్ కాదు

న్యూజెర్సీలో కొన్ని సీజన్లు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీగా చేశాక, ఉద్యోగం వల్ల డాలస్ దగ్గర ఫ్రిస్కోకి మారాం. ఇక్కడా రెఫరీల సంఘంలో చేరితే వేరే రూల్‌బుక్ చేతిలో పెట్టారు. చాలా రాష్ట్రాల్లో హైస్కూళ్లు ఎన్ఎఫ్‌హెచ్ఎస్ (హైస్కూల్ క్రీడల జాతీయ సమాఖ్య) నిబంధనలతో ఆడతాయి. టెక్సాస్‌లో ప్రభుత్వ హైస్కూళ్లు కొద్దిపాటి మార్పులతో కాలేజీ క్రీడల సంఘమైన ఎన్‌సీఏఏ నిబంధనలే వాడతాయి.

పరీక్షకు చదువుతుంటే నన్ను అన్నింటికంటే ఎక్కువ కూర్చోబెట్టింది హోల్డర్ రూల్. ఈ రెండు పుస్తకాల ప్రకారమూ బంతి చేతిలో ఉన్నవాడి చెయ్యి, పాదం తప్ప ఒంట్లో ఏ భాగం నేలకు తగిలినా బంతి డెడ్, అంటే ఆట అక్కడితో ఆగుతుంది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. కానీ కిక్ కోసం బంతి పట్టే హోల్డర్ మోకాలి మీదే ఉంటాడు కదా, అందుకని అతనికి మినహాయింపు. స్నాప్ (ఆట మొదలుపెడుతూ హోల్డర్‌కి వెనక్కి అందించే బంతి) చక్కగా వస్తే ఈ మినహాయింపు ఎవరికీ గుర్తు రాదు. స్నాప్ చెడితేనే అసలు టెన్షన్.

నోట్‌బుక్‌లో రెండు రూల్స్ పక్కపక్కన రాసుకుని, ఒక్కో సందర్భాన్నీ రెండింటిలోనూ పెట్టి చూశాను. అప్పుడు తేలింది: ఎన్ఎఫ్‌హెచ్ఎస్ ప్రధానంగా హోల్డర్ మోకాలిని చూస్తుంది, ఎన్‌సీఏఏ కిక్కర్‌ని చూస్తుంది. ఎన్ఎఫ్‌హెచ్ఎస్‌లో హోల్డర్ లేచి, గతి తప్పిన స్నాప్‌ని అందుకుని, వెంటనే మళ్లీ మోకాలేసి బంతి నిలబెట్టొచ్చు. మోకాలి మీద ఉండగానే పాస్ వేస్తే మాత్రం విజిల్. ఎన్‌సీఏఏలో కిక్కర్ తన్నే స్థానంలో ఉన్నా, తన్నినట్టు నటించినా బంతి లైవ్‌లోనే ఉంటుంది, మోకాలి మీద నుంచే పాస్ వేయొచ్చు. ఫేక్ కిక్‌లు వేసే కోచ్‌లకు ఈ తేడా ప్రాణం.

డాలస్‌లో ఈ మాట ఎత్తగానే అందరికీ డాలస్ కౌబాయ్స్ జట్టు హోల్డర్‌గా టోనీ రోమో గుర్తొస్తాడు. 2007 జనవరిలో సియాటిల్‌లో జరిగిన ప్లేఆఫ్‌లో స్నాప్ బాగానే వచ్చింది, అతని చేతుల్లోంచే జారింది. బంతి అందుకుని గోల్ లైన్ వైపు పరిగెత్తాడు, కాస్త దూరంలో దొరికిపోయాడు. కౌబాయ్స్ 21-20తో ఓడిపోయారు. అది ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆట, దాని రూల్‌బుక్ వేరు. కానీ అలా లేచి పరిగెత్తడం మూడు పుస్తకాల్లోనూ సరైనదే.

ఇక్కడ ఒక శుక్రవారం రాత్రి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ లైన్ దాటించి చేసే స్కోరు) తర్వాతి కిక్‌కి స్నాప్ ఎత్తుగా వచ్చింది. హోల్డర్ ఎగిరి పట్టి, మోకాలేసి బంతి నిలబెట్టాడు. హోల్డర్‌కి ఎదురుగా నిలబడిన నేను కిక్కర్ పాదాలు చూశాను, కదల్లేదు. విజిల్ వేయలేదు. కిక్ గోల్‌పోస్టుల మధ్య నుంచి వెళ్లింది. డిఫెన్స్ కోచ్ "మోకాలు! మోకాలు!" అని అరుస్తూనే ఉన్నాడు. మ్యాచ్ అయ్యాక మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్న ఒక పిల్లాడి నాన్న కూడా, "అన్నా, మోకాలు కింద పెట్టాడు కదా, ఆపలేదేం?" అని అడిగారు. పార్కింగ్‌లోనే నిలబడి, కిక్కర్ కదలకుండా ఉన్నాడు కాబట్టి ఆపలేదని వివరంగా చెప్పాను. కిక్కర్ చోటు వదిలేసి బంతి వెంట పడ్డాక హోల్డర్ మోకాలు నేలకు తగిలితే కథ వేరని కూడా చెప్పాను.

ఇక్కడ తొందరపడి విజిల్ వేస్తే నష్టం ఎక్కువ. ఎన్ఎఫ్‌హెచ్ఎస్‌లో టచ్‌డౌన్ తర్వాతి కిక్ ప్రయత్నంలో బంతి డిఫెన్స్ చేతికి చిక్కితే అంతటితో ఆగుతుంది. టెక్సాస్‌లో వాళ్లు దాన్ని మైదానం అవతలి చివరున్న ఎండ్ జోన్ దాకా మోసుకెళ్లి రెండు పాయింట్లు తెచ్చుకోవచ్చు.