రెండు తెల్ల సీసాలు

మన పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాసివ్వమని గ్రూపులో మూడుసార్లు అడిగారు. హాస్టల్ సాంబారు గురించీ, ఈసీఐఎల్ దగ్గర బస్సుల కోసం పడిగాపుల గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. చర్లపల్లిలో సిపెట్ అనే ప్లాస్టిక్స్ ఇంజినీరింగ్ సంస్థలో మూడేళ్లు ప్లాస్టిక్స్ డిప్లొమా చదివి (ఇప్పుడు సంస్థ పేరులోంచి ఆ ప్లాస్టిక్స్ తీసేసి పెట్రోకెమికల్స్ పెట్టారు, చుట్టాలకి చెప్పుకోవడానికి బరువుగా బాగానే ఉంది) అప్పట్నించీ సీసాలు ఊదించుకుంటూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి నేను సీసాల గురించే రాస్తాను.

మన ప్రాసెసింగ్ ల్యాబ్ సార్ టేబుల్ సొరుగులో రెండు పెట్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) సీసాలుండేవి, గుర్తుందా? రెండూ నీళ్ల సీసాలే, రెండూ పాడైనవే, రెండూ తెల్లబడ్డవే. వైవాలో ముందు ఒకటి చేతికిచ్చి "దీనికేమైంది?" అనేవారు. కాస్త చదువుకొచ్చినవాడు "హేజ్ సార్, ప్రీఫామ్ ఎక్కువ వేడెక్కింది" అనేవాడు. హేజంటే మసక, ప్రీఫామంటే సీసాగా ఊదకముందు ఉండే చిన్న గొట్టం. అప్పుడు రెండోది తీసేవారు. అదీ తెల్లగానే ఉంటుంది. "మరి దీనికి?" చాలామందికి అక్కడే నోరు పడిపోయేది. నేను దానికీ హేజే అన్నాను, పైగా ధీమాగా అన్నాను.

సార్ తిట్టలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రెండూ వెలుతురుకి ఎత్తి చూడమన్నారు. ఒకటి అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసకగా ఉంది. రెండోదానికి ముత్యం మెరుపుంది, తిప్పుతుంటే వెండిలా తళుక్కుమంటోంది, అదీ లోపలి వైపు నుంచి. పెట్ ప్రీఫామ్‌ని సుమారు 95 నుంచి 110 డిగ్రీల మధ్య సాగదీసి ఊదుతాం. అంతకంటే బాగా వేడెక్కితే ప్లాస్టిక్ స్ఫటికాలు కట్టి మసకబారుతుంది. చాలినంత వేడి లేకుండా లాగితే కంటికి కనపడని చీలికలొచ్చి ముత్యంలా తెల్లబడుతుంది. లోపలి గోడ బయటి గోడకంటే ఎక్కువ సాగాలి, వేడి మాత్రం దానికి ఆఖర్న చేరుతుంది, అందుకే ముత్యం లోపల మొదలవుతుంది. ఒకదానికి ప్రీఫామ్‌ని వేడిచేసే ల్యాంపులు తగ్గించాలి, ఇంకోదానికి పెంచాలి. ఆ రోజు నాకు పదికి నాలుగు మార్కులొచ్చాయి, అవి కూడా ధీమాకి వేసి ఉంటారు.

చదువవగానే జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. అక్కడ పెట్ లేదు, అంతా హెచ్‌డీపీఈ, గట్టి రకం పాలిథీన్. లీటరు ఫినాయిల్ సీసాలు. మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టంలా కిందికి దిగుతుంది, మనం పుస్తకంలో ప్యారిసన్ అని చదువుకున్నది, వాళ్లు ట్యూబ్ అనేవాళ్లు. మోల్డు, అంటే అచ్చు, రెండు సగాలూ దాన్ని పట్టుకుని మూసుకుంటాయి, పిన్ను గాలి ఊదుతుంది, చల్లబడ్డాక సీసా బయటికొస్తుంది. అంతే పని. చేరిన రెండో వారం నైట్ షిఫ్టులో అడుగు అతుకు దగ్గర సీసాలు కారడం మొదలైంది. సూపర్‌వైజర్ సెలవు. డిప్లొమా ఉన్నది నాకొక్కడికే కదా, రంగంలోకి దిగాను.

అతుకు సరిగా కలవట్లేదంటే వేడి చాలట్లేదని డై (ట్యూబ్ బయటికి దిగే మూతి) దగ్గర పది డిగ్రీలు పెంచాను. ఐదు నిమిషాలు చూశాను, ఏం తేడా లేదు. ఇంకో పది పెంచాను. అప్పటికీ కారుతుంటే గాలి ప్రెషర్ పెంచాను. ఇంతలో మొదట పెంచిన వేడి తాపీగా వచ్చి చేరింది. ట్యూబ్ దాని బరువుకి అదే సాగిపోతోంది, మూతి వైపు గోడ కాగితంలా పలచబడింది, అడుగున ముద్ద కట్టింది. సాగిపోయేలోపే మోల్డుకి అందిద్దామని ప్లాస్టిక్‌ని ముందుకు తోసే స్క్రూ స్పీడు పెంచాను. రాత్రి రెండయ్యేసరికి మంచి సీసా ఒక్కటంటే ఒక్కటి రావట్లేదు, గ్రైండర్ పక్కన గుట్ట నా నడుం దాకా పెరిగింది.

మా పెద్ద ఆపరేటర్, నల్గొండ మనిషి, టీ గ్లాసు పట్టుకొచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం తమ్మీ, ఎన్ని తిప్పినవ్?"

"నాలుగన్నా."

"ఏది ముందు, ఏది ఎనక?"

చెప్పలేకపోయాను.

"సీసా కోసి చూసినవా?"

అదీ లేదు. గుట్టలో అడుగునుంచి, అంటే నేను చెయ్యి పెట్టకముందు వచ్చిన సీసా ఒకటి లాగి, హాక్సా బ్లేడుతో అడుగుని అతుకుకి అడ్డంగా కోశాడు. లోపలివైపు అతుకు మీద సన్నటి గట్టులా ఉబ్బి ఉండాలట, వేలితో తడిమితే తగలాలి. అక్కడ గట్టు లేదు, గాడి ఉంది. నా బొటనవేలు పట్టి అందులో పెట్టించాడు, గోరు దిగింది. వేడి చాలక వచ్చిన జబ్బు కాదది. అతుకు కుదురుకోకముందే గాలి లోపలికి దూరి దాన్ని విడదీస్తోంది. రిజిస్టర్ తీసి చూస్తే, గంటకి నాలుగు సీసాలు ఎక్కువ తీద్దామని డే షిఫ్టు వాళ్లు మోల్డు మూసుకున్నాక గాలి మొదలయ్యే ఆలస్యాన్ని అర సెకను కోసేశారు.

అయినా అన్న వెంటనే ఆ టైమర్ ముట్టుకోలేదు. నేను తిప్పిన నాలుగూ పాత అంకెలకి తెచ్చి, "కూసో, టీ తాగు" అన్నాడు. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. నాకేమో టెన్షన్, పొద్దున్నే ఓనరొస్తాడు. ట్యూబ్ కుదుటపడ్డాక అప్పుడు టైమర్ ఒక్కటే మార్చాడు. మరుసటి సీసా కోస్తే గోరు దిగలేదు.

ట్రబుల్ షూటింగ్ చార్టులు మనమంతా బట్టీపట్టాం. ఎడమవైపు లోపం, కుడివైపు కారణాలు, ఒక్కో లోపానికి ఎనిమిదో తొమ్మిదో. ఆ చార్టుల్లో దేనికెంత సేపు ఆగాలో ఉండదు, నాకు వాటిమీద ఇప్పటికీ ఉన్న ఫిర్యాదు అదొక్కటే. టైమర్ మారిస్తే మరుసటి సీసాలో తెలిసిపోతుంది. వేడి మారిస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. హాపర్‌లో (మిషన్ పైనుండే గరాటు) రీగ్రైండ్ (పాడైన సీసాలు నూరిన ముక్కలు) పాళ్లు మారిస్తే, పాత దానా (ప్లాస్టిక్ గింజలు) మొత్తం అయిపోయి కొత్తది డై దాకా రావడానికి ఆ మిషన్ మీద అరగంట పైనే. ఈ మూడూ ఒకేసారి తిప్పితే సీసా బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు, రేపు మళ్లీ పాడైతే మళ్లీ మొదటికే. సీసా పొడవునా ఒకటే గీత పడితే మాత్రం ఇంత ఆలోచన అక్కర్లేదు, డై అంచున మాడిన ముక్క అంటుకుని ఉంటుంది. ఇత్తడి రేకుతో తీసేయాలి. స్క్రూడ్రైవర్ పెట్టి గీకారో ఆ గీత ఇక డైకే పడుతుంది.

జూలైలో ఇంకోటొచ్చింది. సీసా ఒంటినిండా చిన్న చిన్న గుంటలు, స్ఫోటకం మచ్చల్లా. దానాలో తేమ అనుకున్నాను, కొత్త బస్తా విప్పినా అంతే. ఆ రోజు వాన కురిసి ఆగింది, షెడ్డంతా ఉక్క. మోల్డుని చల్లబరిచే చిల్లర్ 8 డిగ్రీల మీద ఉంది. మోల్డు తెరుచుకున్నప్పుడు లోపల చెయ్యి పెట్టి చూస్తే తడి! ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి పట్టినట్టు మోల్డుకి చెమట పట్టింది. నీటిబొట్టు ఉన్నచోట ప్లాస్టిక్ లోహానికి ఆనదు, గుంట పడుతుంది. చిల్లర్ 16కి పెంచాం, ఒక్కో సీసాకి పట్టే సైకిల్ రెండు సెకన్లు పెరిగింది, ఓనర్ మొహం మాడింది, మచ్చలు పోయాయి.

ఫ్యాక్టరీలో అన్ని పరీక్షలూ పాసై నెల తర్వాత పగిలే సీసా ఉంటుంది చూడండి, నాకు నిద్ర లేకుండా చేసింది అదే. లీకు పరీక్షలో పాస్, నింపి పైనుంచి పడేస్తే పాస్. గోడౌన్‌లో నెలరోజులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచాక అడుగు మూలల్లో వెంట్రుకంత పగుళ్లు. ఫినాయిల్‌లో సబ్బులాంటి పదార్థం ఉంటుంది, ఒత్తిడి మీదున్న హెచ్‌డీపీఈని అది మెల్లగా చీల్చేస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది మన టెస్టింగ్ ల్యాబ్. పది పట్టీలకి బ్లేడుతో గాటు పెట్టి, వంచి హోల్డర్‌లో బిగించి, 50 డిగ్రీల ఇగేపాల్ అనే సబ్బులాంటి ద్రావణంలో ముంచి, సగం పట్టీలు ఎన్ని గంటలకి పగులుతాయో రాసుకునేవాళ్లం. ఇదెవడికి పనికొస్తుందిరా అని మా వరసలో వెనకాల కూర్చున్నవాడు ప్రతిసారీ అనేవాడు, నేనూ తలూపేవాణ్ణి. విచారిస్తే తేలిందేమిటంటే, కిలోకి కొంత మిగులుతుందని ఇంజెక్షన్ మోల్డింగ్‌కి వాడే దానా కలుపుతున్నారు. అది సులువుగా పారుతుంది, మిషన్‌కి హాయి. కానీ దాని అణువుల గొలుసులు పొట్టివి, పగులుని పట్టి ఆపలేవు. మిషన్ మీద ఏ మీట తిప్పినా తగ్గే జబ్బు కాదని ఓనర్‌కి నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది, అప్పటికి ఇంకో లోడు వెనక్కొచ్చింది.

ఇప్పుడు నా దగ్గర చేరే పిల్లలకి మొదటిరోజు హాక్సా బ్లేడు ఒకటిస్తాను, చార్టు తర్వాత. నీళ్ల సీసాల లైన్ కూడా ఉంది కాబట్టి వైవా నేనూ పెడుతున్నాను, కాకపోతే ముత్యం సీసా ఒక్కటే చూపించి రెండోదాన్ని నోటితో వర్ణించాల్సి వస్తోంది. ఎందుకంటే, ఇన్నేళ్లకి ఒప్పుకుంటున్నాను, ఆఖరి పరీక్ష రోజు సార్ సొరుగులోంచి ముత్యం సీసా ఎత్తుకెళ్లింది నేనే. అప్పటికే రెండోది అక్కడ లేదు. మసక సీసా మనలో ఎవరి దగ్గరుందో వాళ్లు దయచేసి కలుసుకునే రోజు పట్టుకురండి. సార్ వస్తానన్నారు.