మీ నదిలో నీళ్ళున్నాయా?

"మీ ఊరి నది ఏది?" అని అడిగిందా పెద్దావిడ.

"స్వర్ణముఖి."

"నీళ్ళున్నాయా?"

"వానలు పడితే పారుతుంది."

ఆమె ఎర్ర మార్కర్ మూత తీస్తూ, "సొంత నదిని ఎండబెట్టుకుని వచ్చి మా వాగులకు గీతలు గీస్తున్నావన్నమాట" అంది. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేనుండేది కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని కామ్‌లూప్స్‌లో. అడవులకు మ్యాపులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఎక్కడ చెట్లు కొట్టొచ్చు, రోడ్డు ఎటు వెయ్యొచ్చు, వాగు పక్కన ఎంత మేర వదిలెయ్యాలి, ఇవన్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిచి చూపించాలి. మొన్నమొన్నటి దాకా చెట్లు కొట్టే కంపెనీలే తమ ప్లాన్ తాము రాసుకునేవి. 2021లో చట్టం మార్చి, ఇకమీదట ఆ నేల మూలవాసులతో, అంటే ఫస్ట్ నేషన్స్‌తో కలిసి తయారుచెయ్యాలన్నారు. కొన్నిచోట్ల వాళ్ళే ముందుండి నడిపిస్తున్నారు. ఇదేమీ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1983లో చిల్కోటిన్ అనే మూలవాసుల అడవిని కొట్టుకోమని ప్రభుత్వం ఒక కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. అక్కడ రాజుకున్న గొడవ, దాదాపు 1,750 చదరపు కిలోమీటర్ల నేల వాళ్ళదేనని 2014లో సుప్రీంకోర్టు తేల్చేదాకా నడిచింది.

ఫస్ట్ నేషన్స్‌తో కూర్చునే ఈ మీటింగులు మొదట్లో నాకు మహా చిరాకు. నది గురించి అడిగిన ఆ పెద్దావిడ కూడా వాళ్ళలో ఒకరే. ముందు ప్రార్థన, తర్వాత ఒక్కొక్కరూ తాత ముత్తాతల పేర్లు, ఊరు చెప్పుకోవడం, మధ్యలో భోజనాలు. సాయంత్రానికి ఒక్క నిర్ణయమూ తేలదు. పైగా పెద్దలు వచ్చి కూర్చున్నందుకు వాళ్ళ చేతిలో డబ్బుల కవరు పెట్టాలి. టైంషీట్ నింపుకునేవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

కానీ పని మొదలయ్యాక తేడా తెలుస్తుంది. మేమైతే ఎంత కొట్టొచ్చు అని లెక్క మొదలుపెడతాం. వాళ్ళు ఏది వదలాలి అని మొదలుపెడతారు. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే చోటు, మందుమొక్కలు దొరికే చోటు, పూర్వీకులు బెరడు తీసుకున్న దేవదారు చెట్లు, ఇవన్నీ పక్కన పెట్టాకే మిగతా మాట. నికోలా నది ఎగువన పైన్ అడవిని పురుగు తినేసింది. చచ్చిన చెట్లు వృథా ఎందుకని కంపెనీలు కొండలకు కొండలే బోడి చేశాయి. చెట్టు లేనిచోట మంచు ఎక్కువ పేరుకుంటుంది, ఎండ నేరుగా తగిలి తొందరగా కరుగుతుంది. అదంతా వసంతంలో ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆగస్టుకల్లా వాగు సన్నబడి నీళ్ళు వేడెక్కుతాయి. సాల్మన్‌కు చల్లటి నీళ్ళు లేకపోతే బతుకు లేదు. ఆ నది బాగోగులు కలిసి చూసుకుందామని 2018లో ఐదు ఫస్ట్ నేషన్స్, ప్రభుత్వం ఒప్పందం రాసుకున్నాయి.

ఆ రోజు పెద్దావిడ, మ్యాపులో ఏ గీతా లేని ఒక పల్లంలో మార్కర్‌తో వంకరగా ఒక గీత గీసింది. "మంచు కరిగేటప్పుడు వాగు ఇటు దూకుతుంది, రాసుకో" అంది. ఎవరూ రుజువు అడగలేదు. ఆ ఒక్క గీతతో రోడ్డు పక్కకు జరిగింది.

సరే, ఇక నా వాదన. మాకు నీళ్ళ సంగతి తెలియదనడానికి ఆవిడెవరు? చంద్రగిరి పక్క ఊరు మాది. పై చెరువు నిండి మొరవ పోతే కింది చెరువుకు నీళ్ళు, అది నిండితే ఆ కిందిదానికి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి కయ్యకు ఎంతసేపు పారాలో నీరుగంటి చూసుకునేవాడు. చెరువు నిండితే గంగమ్మకు పొంగళ్ళు. ఇది వాటర్‌షెడ్ మేనేజ్‌మెంట్ కాక మరేంటి? ఆవిడ అన్న ఎండిన స్వర్ణముఖే 2021 నవంబర్లో ఏం చేసిందో తిరుపతి వాళ్ళనడగండి. ఆ నెల 15న ఇక్కడ నికోలాలో కలిసే కోల్డ్‌వాటర్ నది పొంగి మెరిట్ ఊరంతా ఖాళీ చేయించారు. వాళ్ళలో చాలామంది మా కామ్‌లూప్స్‌కే వచ్చారు. వారం తిరక్కముందే నాయన ఫోన్. తిరుపతి కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు, అలిపిరి మెట్ల మీద వరద, రాయలచెరువు కట్టకు లీకు పడి కింది పల్లెల్ని ఖాళీ చేయిస్తున్నారని. ఇక్కడ కొండలు బోడి చేశారు, అక్కడ కాలువల మీద ప్లాట్లు వేశారు.

అడవి పోయిన దారి కూడా ఒకటే. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన కొండలు రిజర్వు ఫారెస్టులయ్యాయి. ఇక్కడా అదే దొరలు, అవే కాగితాలు. ఇదంతా ఆవిడకు చెప్పాలని లోపలే తయారుచేసుకున్నాను. ఎంత తయారుచేసుకున్నా ఒకచోట ఆగిపోతున్నాను. ఇక్కడ ఆవిడ స్థానంలో మన దగ్గర కూర్చోవలసింది ఎవరు? నేనా, మా నాయనా? శేషాచలంలో ఏ వంక ఎక్కడ పుడుతుందో, ఏ బండ కింద ఎండాకాలం ఊట ఉంటుందో యానాదులకు తెలిసినంత మాకు తెలుసా? తొంభైల్లో వన సంరక్షణ సమితులు వచ్చాయి, తర్వాత వాననీళ్ళు నిలిపే నీరు-మీరు పథకం వచ్చింది, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మా ఊరి కమిటీలో కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా మావాళ్ళే. యానాదులు గుంతలు తవ్వారు.

మా మామిడితోపుకు కాపలా ఉండే యానాది తాతకు కొండంతా కొట్టినపిండి. ఆయన్ని అడిగి, పైనుంచి మన చెరువుకు వచ్చే వంకలన్నీ వరసగా రాసి పంపమని మొన్న నాయనకు ఫోన్ చేశాను. మ్యాపు నేను గీస్తానన్నాను.

"వాడినడిగేదేందిరా? అదంతా ఫారెస్టోళ్ళ దగ్గరుంటుంది" అన్నాడు నాయన.

"లేదు నాయనా, చెరువుకు చేరే చిన్న వంకలు ఏ మ్యాపులోనూ లేవు. చూశాను."

"వాడు కొండెక్కి శానా ఏండ్లయింది. తేనెకు పోతే, ఎర్రచందనం కోసం వచ్చినావా అని పట్టుకపోయి కూర్చోబెట్టిరి. అప్పట్నుంచి ఆ పక్కకే పోడు."

ఎక్కకపోయినా గుర్తుంటుంది కదా అన్నాను. ఇక్కడ పెద్దలకు కవరు ఇస్తారని చెప్పి, ఆయనకివ్వడానికి డబ్బులు పంపుతానన్నాను. దానికి మాత్రం నాయన వెంటనే ఒప్పుకున్నాడు.

"అయితే ఆదివారం ఇంటికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, నిదానంగా అడుగు" అన్నాను.

"ఇంట్లోనా?" అన్నాడు నాయన. "తోపుకాడే అడుగుతాలే."