ఏనుగులున్న జాబితాలో మా వాడు లేడు

మా మేనల్లుడికి ఇరవై ఏళ్లు. కంచరపాలెంలో పుట్టి, పోలీసు బ్యారక్స్ మైదానంలో ఆట నేర్చుకొని, ఇంటర్ ముగిశాక పొరుగు రాష్ట్రంలోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బుతో రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం చేశాడు. మ్యాచ్‌లో ఎవరూ తాకకుండానే, పరుగులో ఒక్కసారిగా పక్కకు తిరగబోయి కుడి మోకాలు మెలిపడి కూలిపోయాడు. మోకాలి ఎముకలను పట్టి నిలిపే ఏసీఎల్ లిగమెంటు తెగిందని ఎమ్మారైలో తేలింది. తొడ వెనుక కండరపు స్నాయువును తీసి దాని స్థానంలో అమర్చే ఆపరేషన్ చేయించాం. ఇలాంటి ఆపరేషన్ తర్వాత కనీసం తొమ్మిది నెలలు పోటీ ఆట ఆడకూడదని డాక్టర్లు చెబుతారు. సీజన్ ముగింపుకు ఆటగాళ్లు చాలడం లేదని క్లబ్బు వాళ్లు ఆరో నెలలోనే మైదానంలోకి దింపారు. అతికించిన లిగమెంటు మళ్లీ తెగింది, మృదులాస్థి కూడా చిరిగింది. ఇక పోటీ ఆట వద్దని సర్జన్ తేల్చి చెప్పారు. ఆ మరుసటి నెల నుంచి క్లబ్బు జీతం ఆపేసింది.

నేను పోర్టులో హెడ్‌క్లర్కుగా పనిచేసి రిటైరైనవాడిని. నా చేత్తో రాసిన నోటు పైనుంచి తిరిగి రావడం నా సర్వీసులో అరుదు. అందుకే అక్క కాగితాలన్నీ నాకే అప్పగించింది.

బకాయి జీతం సంగతి తేలిగ్గానే తేలింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల్లోని 14బిస్ అధికరణం ప్రకారం, రెండు నెలల జీతం అన్యాయంగా ఆపితే ఆటగాడు క్లబ్బుకు లిఖితపూర్వకంగా 15 రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. 2018 నుంచి అమలులో ఉన్న నిబంధన ఇది. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపాను, ప్రతిని ఢిల్లీలోని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు చేర్చాను. గడువు ముగియకముందే క్లబ్బు మేనేజరు ఫోన్ చేసి, నన్ను 'సార్' అని సంబోధించడం మొదలుపెట్టాడు.

అసలు పరీక్ష మన విశాఖలోనే ఎదురైంది. ఆట ఆడలేకపోయిన జీవితానికి నష్టపరిహారం కోరాలి కదా. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద దరఖాస్తు వేద్దామని బయలుదేరాం. క్లబ్బు ఎక్కడ ఉన్నా, బాధితుడు నివసించే ఊళ్లోనే దరఖాస్తు వేసుకోవచ్చని ఆ చట్టంలోనే ఉండేది. దరఖాస్తులు తీసుకునే ఆ కార్యాలయం పేరు రాయను, రాస్తే మళ్లీ అక్కడికే వెళ్లవలసినవాళ్లం.

అక్కడి గుమస్తా కాగితాలు తిరగేసి, చంకకర్రల మీద నిలబడ్డ మా వాడిని కింది నుంచి పైదాకా చూసి, "బంతి ఆడటం కూడా ఉద్యోగమేనా మాస్టారూ? ఆదివారం ఆర్కే బీచ్‌లో మా పిల్లలూ ఆడతారు" అన్నాడు. వెనుక బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. మా వాడు తల దించుకున్నాడు. నేను కాంట్రాక్టు ముందు పెట్టాను, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టాను. ఆయన బీరువాలోంచి చట్టం పుస్తకం తీసి, రెండో షెడ్యూలులో ఏయే పనులు చేసేవారు 'ఉద్యోగులు' అవుతారో వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. తాటిచెట్లు గీసేవారు ఉన్నారు. అడవిలో మంటలు ఆర్పేవారు ఉన్నారు. ఏనుగులను, అడవి జంతువులను పట్టేవారు కూడా ఉన్నారు. ఫుట్‌బాల్ ఆడేవాడు మాత్రం లేడు. "చూశారుగా, జాబితాలో లేనివాడికి నేనేం చేయను?" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. గొంతు తగ్గించి, "క్లబ్బు వాళ్ల చేత మైదానం చూసుకునే పనివాడని ఒక లెటరు రాయించుకొని రండి, అప్పుడు ఆలోచిద్దాం" అని సలహా ఇచ్చాడు. అంటే రాష్ట్ర జట్టుకు ఆడిన కుర్రవాడు, కాలు పోయాక గడ్డి కోసేవాడిగా మారితే చట్టానికి కనబడతాడన్న మాట. ఆ మాట విని మా వాడు, "మావయ్యా, ఇంటికి పోదాం పదండి" అన్నాడు. పోలేదు. దొంగ సర్టిఫికెట్టుతో న్యాయం కోరే అలవాటు మా వంశంలో లేదని ఆ గుమస్తాకు వినబడేలా చెప్పి, తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో రాసి ఇమ్మని అక్కడే తెల్లకాగితం మీద అర్జీ పెట్టాను. రాతలో ఇవ్వమనేసరికి ఏ కార్యాలయమైనా మెత్తబడుతుంది. జాబితాలో పడతాడో లేదో విచారణలో అధికారి తేల్చాలి గాని కౌంటరు దగ్గర గుమస్తా కాదని పైఅధికారి ఒప్పుకొని, దరఖాస్తు తీసుకొని నంబరు వేయించారు. ఆయన మర్యాదస్తుడు, ఆ మాట చెప్పకపోతే పాపం.

తర్వాత వైకల్యం శాతం దగ్గర మరో చిక్కు వచ్చింది. ఆ చట్టం మొదటి షెడ్యూలులో వేళ్లు, చేతులు, కాళ్లు పోతే ఎంత శాతమో రాసి ఉంది కాని, లిగమెంటు గురించి లేదు. అలాంటప్పుడు సంపాదించే శక్తి ఎంత తగ్గిందో డాక్టరు అంచనా వేయాలి. మాకు వచ్చిన సర్టిఫికెట్టులో 15 శాతం అని ఉంది. నడవగలడు, మెట్లెక్కగలడు, బల్ల ముందు కూర్చోగలడు, కాబట్టి 15. బతుకంతా మోకాలి మీదే నడిచే వాడికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? దీనికి నేను వాడిన ఆయుధం సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో ఇచ్చిన తీర్పు. మోచేయి పైభాగం నుంచి ఎడమ చెయ్యి పోయిన ఒక వడ్రంగి, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతని నష్టం నూటికి నూరు పాళ్లని కోర్టు తేల్చింది. చేస్తున్న పనిని బట్టి నష్టాన్ని కొలవాలి. ఎవరికైనా ఇలాంటి దుర్గతి పడితే ఆ తీర్పు నకలు దరఖాస్తుతోనే జతచేయండి, తర్వాత ఇస్తామంటే ఫైలు కింద పడిపోతుంది.

తేడా ఎంతో అంకెల్లో చూపిస్తాను. ఈ చట్టం కింద శాశ్వత సంపూర్ణ వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. ఇరవై ఏళ్లకు ఆ గుణకం 224. జీతం ఎంత ఉన్నా 2020 నుంచి లెక్కలోకి తీసుకునేది నెలకు రూ. 15,000 వరకే. ఆ ప్రకారం రూ. 20,16,000 వస్తుంది. 15 శాతమంటే రూ. 3,02,400. ఇక క్లబ్బు తెలివి చూడండి. మా వాడి కాంట్రాక్టులో జీతం రూ. 9,000 మాత్రమే, మిగిలిన రూ. 16,000ను వసతి, ఆహారం అలవెన్సుగా చూపారు. తొమ్మిది వేల మీద లెక్కిస్తే సంపూర్ణ వైకల్యానికి కూడా రూ. 12,09,600 దాటదు. అయితే డబ్బులో విలువ కట్టగల సౌకర్యాన్ని కూడా జీతం కిందే లెక్కించాలని ఆ చట్టంలో నిర్వచనం ఉండేది, ప్రయాణ భత్యం వంటివే మినహాయింపు. ఆ సెక్షన్ నకలు పెట్టాను. కుర్రవాళ్ల తల్లిదండ్రులకు నేను చెప్పేది, సంతకానికి ముందు 'నెలకు ఇరవై అయిదు వేలు' అన్న మాట వినకండి, అందులో జీతమని రాసింది ఎంతో చూడండి. ఏజెంటు తొందరపెడితే అతన్ని బయటికి పంపండి.

ఇంకో సంగతి కూడా నాకు మింగుడుపడలేదు. జాతీయ జట్టుకు ఆడుతూ ఆటగాడు గాయపడితే, అతని క్లబ్బుకు జీతపు నష్టం తీర్చడానికి 2012 నుంచి ఫిఫా ఒక పథకం నడుపుతోంది. కుర్రవాణ్ణి తీర్చిదిద్దిన క్లబ్బులకు శిక్షణ పరిహారం, అతను మరో క్లబ్బుకు మారినప్పుడు చెల్లించే బదిలీ సొమ్ములో 5 శాతం సంఘీభావ వాటా ఉన్నాయి. ఇన్ని ఏర్పాట్లలో డబ్బు చేరేది క్లబ్బుకే, మోకాలి సొంతదారుడికి కాదు. ఇలాంటి నియమాలు రాసేటప్పుడు ఆటగాళ్ల పక్షాన గట్టిగా మాట్లాడేవాళ్లు బల్ల దగ్గర లేకపోతే ఇంతే.

చివరికి క్లబ్బు బకాయి జీతం, రెండో ఆపరేషన్ బిల్లు చెల్లిస్తామని రాజీపత్రం పంపింది. ప్రమాదానికి సంబంధించిన వైద్యపు ఖర్చు యజమాని భరించాలని 2009 సవరణలో ఉండటం వల్ల బిల్లు దగ్గర పేచీ పెట్టలేదు. కాని పత్రం చివర 'ఇకపై ఎలాంటి హక్కూ కోరను' అన్న వాక్యం ఇరికించారు. పరిహారపు హక్కును వదులుకుంటూ చేసుకునే ఒప్పందం చెల్లదని అదే చట్టం 17వ సెక్షన్ చెబుతున్నా, చెల్లని వాక్యం కిందనైనా మా వాడి సంతకం ఎందుకు ఉండాలి? ఎర్ర ఇంకుతో కొట్టేసి తిప్పి పంపాను. రెండో పత్రం ఆ వాక్యం లేకుండా వచ్చింది, సంతకం చేశాడు, డబ్బు ఖాతాలో పడింది. పరిహారపు దరఖాస్తు ఇంకా నడుస్తోంది, క్లబ్బుకు నోటీసు వెళ్లింది. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపే వేయాలి కాబట్టి, మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగితే క్లబ్బు వాళ్ల తీపి మాటలు వింటూ ఆ గడువు దాటనివ్వకండి.