టిక్కు పెట్టిన బాక్టీరియా

పదకొండు దాటింది. చిన్నోడి సైన్సు నోట్సు ఇంకా బల్ల మీదే పడుంది. 'గోబర్ గ్యాసును తయారుచేసేది మీథేన్ బాక్టీరియా.' పక్కన ఎర్ర సిరాతో ఇంత పొడుగు టిక్కు. ఆ టిక్కే నిద్ర పట్టనివ్వడం లేదు.

బాక్టీరియా కాదురా అబ్బాయ్, ఆర్కియా! చూపుకి బాక్టీరియాలాగే ఉండే వేరే జాతి సూక్ష్మజీవులు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కార్ల్ వోజ్ అనే శాస్త్రవేత్త రైబోజోము (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసి, అవి ఫిల్ము మీద వదిలిన మచ్చలు చదువుతూ ఏళ్లు గడిపాడు. ఒక్కో జీవిది ఒక్కో మచ్చల ముగ్గు. అక్కడి సహోద్యోగి రాల్ఫ్ వుల్ఫ్ ల్యాబులో పెరిగే, మీథేన్ తయారుచేసే జీవుల ముగ్గు చూస్తే, బాక్టీరియా అన్నింట్లో కనబడే చుక్కలు కొన్ని అసలు లేనే లేవు. పోనీ మొక్కలు, జంతువుల వరసలో కలుస్తాయా అంటే అదీ లేదు. 1977లో జార్జ్ ఫాక్స్‌తో కలిసి, ఇది మూడో వంశం అని ప్రకటించాడు. నమ్మనివాళ్లే ఎక్కువ.

ఇంతదాకా విసుక్కున్నాక గుర్తొచ్చింది: వోజ్ మొదట పెట్టిన పేరే 'ఆర్కిబాక్టీరియా'. ఆ తోక 1990లో గానీ తెగలేదు. వీటిలోనే ఒకదానికున్న మీథనోబాక్టీరియం అనే పేరైతే ఇప్పటికీ అలాగే ఉంది. ఇంక టిక్కు పెట్టినవాళ్లని ఏమంటాం?

పేరేదైతేనేం, పొయ్యి వెలిగితే చాలనుకుందామా? గోబర్ గ్యాసు ప్లాంటు పులిసిన రోజున అలా కుదరదు. లోపల రెండు జట్లున్నాయి. పేడను విరగ్గొట్టి ఆమ్లాలు చేసేది బాక్టీరియా, గంటల్లో రెట్టింపవుతుంది. ఆ ఆమ్లాల నుంచి మీథేన్ తీసేది ఆర్కియా, దానికి రోజులు పడుతుంది. పెళ్లిలో మిగిలిన అన్నమంతా ఒకేసారి గుమ్మరిస్తే మొదటి జట్టు పరుగందుకుంటుంది, రెండోది వెనకబడుతుంది. ఆమ్లం పేరుకుని పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.5 కిందికి జారితే గ్యాసు వస్తుంది గానీ అంటుకోదు, కార్బన్ డయాక్సైడే ఎక్కువ. అప్పుడు ముందు మేత ఆపాలి. సున్నపు తేట కొద్దికొద్దిగా పోస్తూ, పీహెచ్ కాగితంతో చూసుకుంటూ 7 దగ్గరికి తేవాలి. కంగారుపడి సున్నం దిమ్మరిస్తే క్షారం ఎక్కువై అటువైపు పోతుంది. బాగా నడిచే ప్లాంటు స్లర్రీ (లోపలి పేడ ద్రవం) నాలుగు బకెట్లు దొరికితే పాలకు తోడేసినట్టు వేయాలి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పేడ, నీళ్లు సమానంగా కలిపి, రోజూ వేసేదాంట్లో సగమే.

పెన్సిలిన్ ఆర్కియాను నేరుగా ఏమీ చేయలేదు. అది దెబ్బకొట్టేది పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన బాక్టీరియా కణపు గోడని, ఆ గోడ వీటికి లేదు. అయినా ఆ మందు కలిసిన పేడతో గ్యాసు తగ్గొచ్చు, ఎందుకంటే దెబ్బ తినేది మొదటి జట్టు, పస్తుండేది రెండోది. ఈ ఒక్క ముక్క వాడికి చెబితే నోట్సంతా అర్థమయ్యేది కదా!

పెన్సిలుతో పక్కన సన్నగా 'ఆర్కియా' అని రాశాను. పరీక్షలో ఏది రాస్తే మార్కులిస్తారో మరి, మళ్లీ చెరిపేయాలేమో.